మిద్దె మీది దుర్భిణి

గ్రహణం పట్టే రోజు తిరుపతి చుట్టుపక్కల రెండు గుళ్లు రెండు రకాలుగా నడుచుకుంటాయి. తిరుమలలో గంటల ముందే తలుపులు మూసేస్తారు. నలభై కిలోమీటర్ల లోపే ఉన్న శ్రీకాళహస్తిలో, అది రాహుకేతు క్షేత్రం కాబట్టి, తలుపులు తెరిచే ఉంచి అభిషేకాలు చేస్తారు. 2025 సెప్టెంబరు 7న రాత్రి పదకొండు నుంచి పన్నెండుంబావు దాటేదాకా చంద్రుడు పూర్తిగా భూమి నీడలో మునిగాడు. అలాంటి రాత్రి బైనాక్యులర్స్ మెళ్లో వేసుకుని మిద్దె ఎక్కే మనిషిది మూడో దారి. అతని లెక్కలో రాహుకేతువులు చంద్రుడి బాట, సూర్యుడి బాట ఒకదాన్నొకటి దాటుకునే రెండు చోట్లు. గ్రహణమంటే నీడ అని ఆర్యభటుడు చెప్పి పదిహేను వందల ఏళ్లు దాటింది.

ఈ మిద్దె మనిషి నిన్నమొన్న పుట్టినవాడు కాడు. వెనక్కి తిరిగి చూస్తే మూడు శతాబ్దాల పైబడిన వంశం కనిపిస్తుంది. పెద్ద పెద్ద వేధశాలల పేర్లే పుస్తకాలకెక్కాయి గానీ, దక్షిణాదిన దుర్భిణి చరిత్ర చాలామటుకు ఇళ్ల చరిత్రే.

దుర్భిణి రాకముందూ మనవాళ్లు చుక్కల్ని ఎరుగుదురు. కృత్తికల్ని పిల్లలకోడి అన్నారు, మృగశిరలో వరసగా నిలిచే మూడు చుక్కల్ని గొల్లకావడి అన్నారు. పెళ్లిలో పురోహితుడు కొత్త జంటను బయటికి తీసుకొచ్చి అరుంధతిని చూపిస్తాడు. ముహూర్తం పట్టపగలైతే చుక్క కనబడదు, అయినా ఇద్దరూ కనబడిందనే తలూపుతారు. నిజంగా చూడాలంటే వేసవి రాత్రి సప్తర్షి మండలం తోకలో నడిమి చుక్కను పట్టుకోవాలి. కళ్లు బాగుంటే వశిష్ఠుడి పక్కన అరుంధతి సన్నగా తెలుస్తుంది. బైనాక్యులర్స్‌లో ఇద్దరూ ఎడంగా నిలబడతారు. చిన్న టెలిస్కోపు పెడితే ఆ వశిష్ఠుడు కూడా ఒక్కడు కాదు, ఇద్దరు! పదిహేడో శతాబ్దంలో ఐరోపాలో బయటపడిన ఈ సంగతి పెళ్లి మంత్రంలో లేదు.

మన వైపు దుర్భిణి పట్టి కొత్త విషయం కనిపెట్టిన మొదటి మనుషుల్లో రిషో అనే ఫ్రెంచి జెసూట్ పాద్రీ ఒకడు. 1689 డిసెంబరులో పుదుచ్చేరిలో తోకచుక్కను చూస్తూ చూస్తూ, ఆల్ఫా సెంటారీ ఒంటి చుక్క కాదు, జంట అని గుర్తించాడు. సూర్యుడి తరవాత మనకు అతి దగ్గరి నక్షత్ర కుటుంబం అదే. ఆ జంట మే నెల రాత్రుల్లో తిరుపతి దక్షిణ దిక్కున పదిహేను డిగ్రీల ఎత్తుకు వస్తుంది. రిషో చూసింది చూడడానికి ఇప్పుడు రెండున్నర అంగుళాల దుర్భిణి చాలు.

వందేళ్లు గడిచాయి. 1786లో విలియం పెట్రీ అనే కంపెనీ దొర మద్రాసు ఎగ్మూరులోని తన ఇంట్లో సొంత ఖర్చుతో వేధశాల పెట్టుకున్నాడు. ఆ పనిముట్లే కంపెనీ చేతికొచ్చి, 1792లో నుంగంబాకంలో మద్రాసు అబ్జర్వేటరీ అయింది. దాని గ్రానైటు స్తంభం మీద చెక్కిన మాటల్లో తెలుగు కూడా ఉంది. అక్కడ నక్షత్రాలను చూసి పట్టిన గడియలే మద్రాసు టైము. 1906లో ఇండియన్ స్టాండర్డ్ టైము వచ్చేదాకా రైళ్లు దాని ప్రకారమే నడిచాయి. రేణిగుంటలో బండి కోసం కాచుక్కూచున్న యాత్రికుడికి తెలియకపోవచ్చు గానీ, అతని బండి వేళ మొదలైంది ఒక దొరగారి ఇంట్లో.

ఆ మద్రాసులోనే టేలర్ అనే ఖగోళజ్ఞుడి దగ్గర చదువుకుని విశాఖపట్నం వెళ్లినవాడు గోడే వెంకట జగ్గారావు. డాబాగార్డెన్స్‌లోని తన ఇంటి ఆవరణలో 1840 ప్రాంతంలో వేధశాల కట్టుకున్నాడు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని చేపట్టాడు. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం వదులుకుని, ఆరంగుళాల దుర్భిణితో 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటిపోవడాన్ని చూసి, ఆ లెక్కల్ని లండనుకు పంపాడు. అంతకు మూడేళ్ల ముందే, 1871లో, రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన్ని ఫెలోగా తీసుకుంది. జీతం కోసం కాకుండా ఆకాశాన్ని ఇష్టంతో చూసిన తెలుగువాళ్లలో ఆయనది పెద్దపీట. 1892లో ఆయన పోయాక భార్య అచ్చయ్యమ్మ వేధశాలను నిలబెట్టి ప్రభుత్వానికి అప్పగించింది. జగ్గారావు కూతురు ఆమే. నాన్న కట్టాడు, మగడు నడిపాడు, ఆమె కాపాడింది.

ఇంటి కథలు ఇంకా ఉన్నాయి. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణానికి ఫ్రాన్సు నుంచి గుంటూరు వచ్చిన ఖగోళజ్ఞుడు జాన్సెన్ ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంట దిగి, అక్కడే దుర్భిణి నిలబెట్టాడు. హీలియం కనిపెట్టిన కథలో ఆ గ్రహణానిది మొదటి అధ్యాయం. హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ 1901లో పదిహేను అంగుళాల దుర్భిణి కొని సొంత వేధశాల పెట్టుకున్నాడు. ఆయన 1907లో పోతే, మరుసటి ఏడు నిజాం సర్కారు దాన్ని తీసుకుంది. అదే నిజామియా అబ్జర్వేటరీ. అందులో పనిచేసిన ఉద్యోగి కొడుకు వైను బప్పు నాన్న పక్కన నిలబడి ఆకాశం నేర్చుకున్నాడు.

ఆ పిల్లవాడు పెద్దయి మన పొరుగుకే వచ్చాడు. చిత్తూరు సరిహద్దు దాటి తమిళనాట జవ్వాది కొండల్లో కావలూరు దగ్గర 1968లో 38 సెంటీమీటర్ల దుర్భిణితో పని మొదలుపెట్టించాడు. భూమధ్యరేఖకు దగ్గరైతే ఉత్తరాకాశం, దక్షిణాకాశం రెండూ చేతికందుతాయని ఆయన లెక్క. 1977 మార్చిలో యురేనస్ వలయాల జాడ పట్టిన చోట్లలో కావలూరు ఒకటి. 1986లో అక్కడ 2.34 మీటర్ల దుర్భిణి వచ్చేనాటికి బప్పు లేడు.

కావలూరు నాటికి కనిపెట్టే పని పూర్తిగా ఇల్లు దాటిపోయింది. పాకాల దగ్గర గాదంకిలో 1990ల నుంచి 53 మెగాహెర్ట్జ్ రాడారు మన నెత్తిమీది గాలి పొరల కదలికల్ని కొలుస్తోంది. చుక్క మిణుకుమనేది ఆ కదలికల వల్లే. 2022లో తిరుపతి జిల్లాలో కలిసిన సూళ్లూరుపేట వైపు, శ్రీహరికోట నుంచి 2015లో ఆస్ట్రోశాట్, 2023లో ఆదిత్య-ఎల్1 అనే అంతరిక్ష దుర్భిణులు ఎగిరాయి. దుర్భిణి ఆకాశంలోకే వెళ్లిపోయాక మిద్దె మీద మనిషికి మిగిలిన పనేంటి?

దానికి జవాబు అంతకు చాలా ముందే, 1980 ఫిబ్రవరి 16న దొరికింది. హైదరాబాదు దగ్గరి రంగాపూరు వేధశాలలో శాస్త్రవేత్తలు సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పట్టుకుంటుంటే, హైదరాబాదు వీధులు నిర్మానుష్యమయ్యాయి. శాస్త్రం ముందుకు పోయింది, జనం తలుపులేసుకున్నారు. ఆ ఎడం పూడ్చడమే తరవాతి తరం పని. 1988లో పుట్టిన జనవిజ్ఞాన వేదిక ఊరూరా గ్రహణాలు చూపించింది. సైన్సు రచయిత మహీధర నళినీమోహన్ గ్రహణాల కథ రాశారు. 1993లో తిరుపతికి ప్రాంతీయ సైన్సు సెంటరు వచ్చింది. ఆ దెబ్బతో చూడడమనేది మళ్లీ ఇంటికి చేరింది.

ఇంతకీ మన మిద్దె నుంచి ఏం కనిపిస్తుంది? ఈశాన్య రుతుపవనాల వానలు ఆకాశాన్ని కడిగి వెళ్లాక, సంక్రాంతి నుంచి ఉగాది దాకా మంచి రోజులు. పది ఇంటూ యాభై బైనాక్యులర్స్ చాలు. పది అంటే అన్ని రెట్లు దగ్గరికి తెస్తుంది, యాభై అంటే ముందు కటకం వెడల్పు మిల్లీమీటర్లలో. చీకట్లో కంటిపాప ఏడు మిల్లీమీటర్లే విచ్చుకుంటుంది కాబట్టి, వచ్చే వెలుతురు దాదాపు యాభై రెట్లు. చేతులు వణికితే చుక్కలు గంతులేస్తాయి. నులక మంచం మీద వెల్లకిలా పడుకోవాలి, లేదా పిట్టగోడ మీద మోచేతులు ఆనించాలి. అప్పుడు గురుడి పక్కన రెండు మూడు నలుసులు నిలబడతాయి. గెలీలియో 1610లో చూసిన చందమామలే అవి. శని వలయాలకు మాత్రం టెలిస్కోపు కావాలి.

దక్షిణం వైపు తిరిగితే జనవరి రాత్రి అగస్త్య నక్షత్రం. చంద్రగిరి దగ్గర తొండవాడలో అగస్త్యేశ్వరుడి గుడి, స్వర్ణముఖిని తెచ్చింది అగస్త్యుడేనని ఇక్కడి నమ్మకం. మే నెలలో అదే దిక్కున ఒమేగా సెంటారీ పత్తి ఉండలా మసకగా కనిపిస్తుంది. అది దాదాపు కోటి నక్షత్రాల గుంపు. లండనులో ఉన్నవాడికి అది ఎన్నడూ పొడవదు. హేలీ దాన్ని చూసింది సెయింట్ హెలీనా దీవికి ఓడెక్కి పోయాకే. మనకైతే మిద్దె మెట్లెక్కితే చాలు.

అయితే ఎల్‌ఈడీ వీధి దీపాలు వచ్చాక ఆ పత్తి ఉండ ఊరి నడుమ కనబడడం కష్టమైంది. పాలపుంత కోసం తలకోన వైపో, హార్స్‌లీ కొండలకో పోవాలి. ధ్రువుడికి మాత్రం ఆ బాధ లేదు. తిరుపతి 13.6 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, ధ్రువుడూ ఆకాశంలో అంతే ఎత్తున ఉంటాడు. తిరుచానూరు మిద్దె నుంచి కొండకు పైన తేలుతుంటాడు. అలిపిరికి దగ్గరయ్యే కొద్దీ కొండ లేచి అతన్ని కప్పేస్తుంది. మధ్యలో ఎక్కడో ఒక వీధిలో, నడక దారి దీపాల వరసకు పైన, ఇంకో దీపంలా సరిగ్గా శిఖరం మీద వాలతాడు. మిగతా చుక్కలు పడమటికి జారతాయి కాబట్టి వాటిని దీపాలని పొరబడం. ఇతను దీపాల్లాగే కదలడు. ఏది దీపమో ఏది ధ్రువుడో తేలాలంటే బైనాక్యులర్స్ ఎత్తాల్సిందే.