నగరం కప్పిపెట్టిన నది

1866. బెల్జియం రాజధాని బ్రసెల్స్‌లో దిగువ పట్నం.

కలరా గడపగడపా తిరుగుతోంది. పొద్దున పనికెళ్లిన మనిషికి మధ్యాహ్నానికి వాంతులు, విరేచనాలు. రాత్రయ్యేసరికి కళ్లు గుంటలు పడి, ఒళ్లు చల్లబడేది. ఆ రోగం నగరాన్ని వదిలేలోపు మూడు వేల మందికి పైగా ప్రాణాలు పోయాయి. కలవారుండే ఎగువ పట్నం కన్నా సెన్ నది ఒడ్డునున్న ఇరుకు సందుల్లోనే ఆ దెబ్బ గట్టిగా తగిలింది.

నిజానికి ఆ నగరాన్ని కన్నది ఆ నదే. పదో శతాబ్దంలో సెన్ పాయల నడుమ ఉన్న ఓ దీవి దగ్గర ఊరు మొదలైంది. పిండిమరలు ఆడింది, బట్టలకు రంగులద్దింది, తోళ్లు కడిగింది, బీరు కాచింది ఆ నీళ్లతోనే. ఆ పనుల చెత్తంతా తిరిగి ఆ నీళ్లలోకే పోయింది. జనం పెరిగారు, ఫ్యాక్టరీలు వచ్చాయి. ఇళ్ల వెనకగోడలు నేరుగా నీళ్లలోకి దిగేవి, మరుగుదొడ్లూ అందులోకే. ఎండాకాలంలో నది బురదగా మిగిలి కుళ్లు వాసన కొట్టేది. వాన ముంచెత్తితే ఆ బురదే ఇళ్లలోకి వచ్చేది.

ఏం చెయ్యాలి? ఎందరో ఇంజినీర్లు ఎన్నో పథకాలు పట్టుకొచ్చారు. మేయర్ జూల్ ఆన్స్‌పాక్ మనసు మాత్రం పారిస్ తరహా వెడల్పాటి వీధుల మీద ఉంది. వాస్తుశిల్పి లియోన్ స్వీస్ గీసిన పథకం ఆయనకు నచ్చింది: నదిని సొరంగాల్లోకి దించి, పైన ఉత్తర, దక్షిణ రైల్వేస్టేషన్లను కలిపే రాజవీధులు వెయ్యాలి. 1865 అక్టోబరులో నగర పాలక మండలి దానికి ఓటేసింది. మరుసటి ఏడాది వచ్చిన కలరాతో ఇక వాదించేవారి గొంతు తగ్గింది.

1867 ఫిబ్రవరి 13న పనులు మొదలయ్యాయి. వెయ్యికి పైగా ఇళ్లు కూలాయి. పని చేపట్టిన బ్రిటిష్ కంపెనీలో నిధుల కుంభకోణం బయటపడి, భారం నగరం మీదే పడింది. అయినా పని ఆగలేదు. నది కోసం రెండు ఇటుక సొరంగాలు, ఒక్కొక్కటి ఆరు మీటర్ల వెడల్పు. వాటికి అటూ ఇటూ మురుగు కాలువలు. 1871 నవంబరు 30న ప్రారంభోత్సవం జరిగింది.

కొత్త వీధుల్లో లేచిన మేడల అద్దె కట్టడం పాతవాసుల తరం కాలేదు. వాళ్లు మూటాముల్లె సర్దుకుని పక్క పేటల్లోకి, ఊరి బయటికి పోయి, అక్కడా అదే ఇరుకులో బతికారు. పాత నది ఎలా ఉండేదో గుర్తుండాలని మేయరే చిత్రకారుడు వాన్ మూర్ చేత బొమ్మలు వేయించి టౌన్‌హాల్లో పెట్టించాడు. ఒడ్డున బతికినవాళ్లకు చోటు దొరకలేదు గానీ ఒడ్డుకు గోడ మీద చోటు దొరికింది.

తర్వాత నదిని నగరం పడమటి అంచుకు మళ్లించారు. ఖాళీ అయిన పాత సొరంగాల్లో 1976లో భూగర్భ ట్రాములు నడిచాయి. మరి మురుగు సంగతి? అది శుద్ధి లేకుండా పారుతూనే వచ్చింది. నగరం ముక్కుకు వాసన తగలడం మానింది, అంతే. దిగువన విల్‌వోర్డ్ వైపు ఊళ్లు దాన్ని భరించాయి. బ్రసెల్స్ తన మురుగును శుద్ధి చేసే మొదటి కేంద్రాన్ని 2000లో తెరిచింది. రెండోది, పెద్దది, 2007లో వచ్చింది. నదిని కప్పడానికి దాదాపు ఐదేళ్లు పట్టింది, కడగడానికి నూటముప్పై ఏళ్లు దాటింది.

మీ ఊరి కాలువ మీద స్లాబు వేసి పైన రోడ్డో పార్కో కడతామని ఎవరైనా చెబితే ఒక్క మాట అడగండి: ఆ నీళ్లను శుద్ధి చేసేది ఎక్కడ, ఎప్పటికి? దానికి జవాబు వచ్చాకే స్లాబు గురించి మాట్లాడనివ్వండి.