మడత క్యాంపర్ ట్రైలర్: హ్యాండిళ్లు, చేతికడ్డీలు

కారు వెనక తగిలించుకుని వెళ్లి, మజిలీలో కప్పు పైకెత్తి, గుడ్డ గోడలు బిగించి వాడుకునే బండి మడత క్యాంపర్ ట్రైలర్. అమెరికాలో ఒకప్పుడు దీనికి ఆదరణ ఎక్కువ. 1968లో ఇండియానాలో పుట్టిన జేకో సంస్థ ఇలాంటి బండ్లతోనే మొదలైంది.

దీని గడప ఎత్తు, మెట్టు ఇరుకు. నడుము పైభాగమంతా గుడ్డే కాబట్టి ఎక్కేటప్పుడు పట్టు దొరకదు. మోకాళ్ల నొప్పులున్నవారు పల్చటి తలుపు మీదే బరువు వేస్తారు. తలుపు పక్కన హ్యాండిల్ తయారీదారులు మొదటే అమర్చాల్సిన ఆసరా.

హ్యాండిల్‌ను కింది పెట్టె గట్టి గోడకే బిగించాలి. ఆ గోడ కూడా చాలావరకు పల్చటి అల్యూమినియం రేకు, వెనక సన్నటి చెక్క చట్రం. రేకుకే మరమేకు బిగిస్తే మనిషి బరువుకు ఊడొస్తుంది. చట్రం దొరకని చోట లోపలివైపు లోహపు పలక పెట్టి, గోడ గుండా అవతలికి బోల్టు వేయడం మేలు. రంధ్రం చేసేముందు కప్పును ఎత్తే కేబుళ్లు, కరెంటు తీగలు ఎటు పోతున్నాయో చూసుకోవాలి. ఆపై సీలెంట్ తప్పనిసరి, లేకుంటే వాన నీరు దిగి చెక్క కుళ్లుతుంది.

అమెరికా వికలాంగుల చట్టం కింద 2010లో వచ్చిన ప్రమాణాలు భవనాలకు ఉద్దేశించినవే అయినా, గుండ్రటి కడ్డీ మందం 32–51 మిల్లీమీటర్లన్న కొలత ఇక్కడా పనికొస్తుంది. బండి మూసినప్పుడు కప్పు అంచు తగలకుండా, తలుపు పక్కకు మడిచే రకం కడ్డీ దీనికి బాగా నప్పుతుంది.