వర్క్‌స్టేషన్, మానిటర్: అనుసంధాన చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• తొలి వర్క్‌స్టేషన్లకు ప్రత్యేక మానిటర్లు ఎందుకు అవసరమయ్యాయో వివరించగలుగుతారు.
• వాటి అనుసంధానంలోని చిక్కులను గుర్తించగలుగుతారు.
• ఉమ్మడి ప్రమాణాలు తెచ్చిన మార్పును అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

ఈనాడు కేబుల్ తగిలించగానే మానిటర్‌పై బొమ్మ వస్తుంది. 1980లలో వర్క్‌స్టేషన్ వాడినవారి పరిస్థితి ఇది కాదు. కేబుల్ గట్టిగా పట్టినా తెర నల్లగానే ఉండవచ్చు. అమరిక తప్పితే మానిటరే పాడైపోవచ్చు. యంత్రాన్నీ తెరనూ పొందించే బాధ్యత ఎవరిది? ఈ పాఠంలోని ప్రధాన ప్రశ్న ఇదే.

2. పెద్ద తెర అవసరం

ఇంజనీర్లు, శాస్త్రవేత్తలు ఎవరికి వారు విడిగా వాడుకునే శక్తిమంతమైన కంప్యూటర్‌ను వర్క్‌స్టేషన్ అంటారు. 1973లో కాలిఫోర్నియాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో రూపొందిన ఆల్టో దీనికి బాట వేసింది. దాని తెర కాగితం పుటలాగా నిలువుగా, 606 × 808 చుక్కలతో ఉండేది. 1982లో అదే రాష్ట్రంలో సన్ మైక్రోసిస్టమ్స్ ఏర్పడింది. ఢిల్లీ ఐఐటీలో చదివిన వినోద్ ఖోస్లా దాని స్థాపకులలో ఒకరు. చిప్పుల పటాలు, యంత్ర భాగాల నమూనాలు గీసేవారికి సన్నని గీతలు స్పష్టంగా కనబడాలి. అందువల్ల సన్ యంత్రాలలో 1152 × 900 చుక్కల తెర సాధారణమైంది.

3. పౌనఃపున్యాల లెక్క

క్యాథోడ్ రే ట్యూబ్ మానిటర్‌లో ఎలక్ట్రాన్ పుంజం ఒకదాని కింద ఒకటిగా గీతలు గీస్తుంది. సెకనుకు గీసే గీతల సంఖ్యను అడ్డు పౌనఃపున్యం అంటారు. తెర మొత్తాన్ని సెకనుకు ఎన్నిసార్లు గీస్తుందో అది నిలువు పౌనఃపున్యం.

1987లో ఐబీఎం పీఎస్/2 కంప్యూటర్లతో వచ్చిన వీజీఏను చూడండి. 640 × 480 అమరికలో కనబడే గీతలు 480. పుంజం తిరిగి పైకి చేరే సమయాన్ని కలిపితే 525. సెకనుకు సుమారు 60 సార్లు కాబట్టి 525 × 60 = 31,500, అంటే 31.5 కిలోహెర్ట్జ్. సన్ తెరలో మొత్తం గీతలు 937, సెకనుకు సుమారు 66 సార్లు. అంటే దాదాపు 61.8 కిలోహెర్ట్జ్, వీజీఏకు ఇంచుమించు రెట్టింపు. ఒకే పౌనఃపున్యానికి తయారైన మానిటర్ మరొక యంత్రానికి పనికిరాకపోవడానికి కారణం ఇదే.

4. కనెక్టర్లు: ఆకారం ఒకటే, అర్థాలు వేరు

గీత ఎక్కడ మొదలుకావాలో మానిటర్‌కు చెప్పే సంకేతాన్ని సింక్ అంటారు. మూడు కేబుళ్లుంటే సింక్ ఆకుపచ్చ రంగు సంకేతంతో కలిసి వెళ్లేది. నాలుగుంటే దానికి విడి తీగ, అయిదుంటే అడ్డు, నిలువు సింక్‌లకు వేర్వేరు తీగలు ఉండేవి.

తరువాత వచ్చిన 13డబ్ల్యూ3 కనెక్టర్‌లో రంగులకు మూడు లావుపాటి కేంద్రాలు, ఇతర పనులకు పది చిన్న పిన్నులు ఉంటాయి. దీనిని సన్, సిలికాన్ గ్రాఫిక్స్, ఐబీఎం వాడాయి. అయితే చిన్న పిన్నులకు ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క అర్థం ఇచ్చింది. కేబుల్ సరిపోయినట్లే ఉంటుంది, బొమ్మ మాత్రం రాదు.

సన్ యంత్రం మూడు గుర్తింపు పిన్నులను చదివి మానిటర్ రకాన్ని తెలుసుకునేది. ఆరంభంలో కీబోర్డు తగిలించి లేకపోతే సందేశాలను తెరకు కాక సీరియల్ పోర్టుకు పంపేది. ఈ సంగతి తెలియనివారు మానిటర్ చెడిపోయిందనుకోవడం సహజమే.

5. ఉమ్మడి ప్రమాణాల వైపు

1985లో ఎన్ఈసీ సంస్థ తెచ్చిన మల్టీసింక్ మానిటర్ అనేక పౌనఃపున్యాలకు తానే సర్దుకునేది. కానీ దాని హద్దులు కంప్యూటర్‌కు తెలియవు. 1990లలో లైనక్స్‌పై ఎక్స్‌ఫ్రీ86 వాడినవారు మానిటర్ పుస్తకం చూసి, ఆ అంకెలను అమరిక ఫైలులో చేతితో రాయవలసి వచ్చేది. అంకె తప్పితే కొన్ని పాత మానిటర్ల సర్క్యూట్లు చెడిపోయే ప్రమాదం ఉండేది.

1994లో వీసా అనే ప్రమాణాల సంఘం డీడీసీ పద్ధతిని ప్రవేశపెట్టింది. దీనిలో మానిటరే తన సామర్థ్యాలను 128 బైట్ల సమాచారంగా కంప్యూటర్‌కు తెలుపుతుంది. 1999లో వచ్చిన డీవీఐ కూడా ఈ పద్ధతినే స్వీకరించింది. వాడుకరి మోసిన బరువు ఆ విధంగా తీగలోకి మారింది.

6. చరిత్ర విద్యార్థికి దీని ప్రాముఖ్యం

పాత వర్క్‌స్టేషన్లలోని పటాలు, లెక్కలు, ప్రోగ్రాములు కూడా చారిత్రక ఆధారాలే. యంత్రం పనిచేస్తున్నా, తగిన మానిటర్ గాని సరైన కేబుల్ గాని లేకపోతే వాటిని తెరపై చూడలేము. లిపి తెలిసినవారు లేని శాసనం వంటిదే దాని స్థితి. అందుచేత యంత్రంతోపాటు దాని కేబుళ్లను, పిన్నుల పట్టికలను, పౌనఃపున్యాల వివరాలను కూడా భద్రపరచాలి.

7. సారాంశం

తొలి వర్క్‌స్టేషన్లలో యంత్రం, తెర ఒకే సంస్థ జోడీగా ఉండేవి. బహుళ పౌనఃపున్య మానిటర్లు ఈ కట్టును సడలించాయి. డీడీసీ వంటి ప్రమాణాలు రెండింటినీ పొందించే పనిని వాడుకరి నుంచి యంత్రాలకు మార్చాయి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. వీజీఏ మానిటర్‌పై సన్ యంత్రం బొమ్మ ఎందుకు రాదో లెక్కతో వివరించండి.
2. 13డబ్ల్యూ3 కనెక్టర్ ఉన్నంత మాత్రాన కేబుల్ పనిచేస్తుందని ఎందుకు చెప్పలేము?
3. పాత కంప్యూటర్‌ను చారిత్రక ఆధారంగా భద్రపరచడానికి ఏయే వివరాలు అవసరం?