1978కి, 1984కి మధ్య ఒక మాన్యువల్

మొన్న టెస్ట్ సిరీస్‌లో ఓపెన్ స్టాండర్డ్స్ వల్ల దేశానికి ఏం ఒరిగిందో ఉదాహరణతో రాయమన్నారు. ఇంజినీరింగ్ చదివి కూడా యూపీఐ దాటి నా పెన్ను కదల్లేదు. తర్వాత ఆలోచిస్తే, మంచి ఉదాహరణ బీటెక్ ల్యాబ్‌లో నా కళ్ల ముందే ఉంది. అదే పాత కంప్యూటర్లలోని ఎక్స్‌పాన్షన్ బస్.

మదర్‌బోర్డుకీ, మనం అదనంగా గుచ్చే కార్డులకీ మధ్య ఉండే తీగల దారినే బస్ అంటారు. ఏ పిన్ను మీద ఏ సిగ్నల్ వస్తుంది, ఎప్పుడు వస్తుంది అన్నది తెలిస్తేనే బయటివాళ్లు కార్డు తయారుచేయగలరు. ఆ సమాచారం లేకపోతే స్లాట్ ఉన్నా లేనట్టే.

1981 ఆగస్టు 12న ఐబీఎం పీసీ విడుదలైంది. అందులో 62 పిన్నుల స్లాట్లు ఐదు. దానితోపాటు ఐబీఎం ఒక టెక్నికల్ రిఫరెన్స్ మాన్యువల్ కూడా అమ్మింది. సర్క్యూట్ బొమ్మలు, పిన్నుల వివరాలు, చివరికి బయోస్ ప్రోగ్రామ్ లిస్టింగ్ కూడా అందులో ఉన్నాయి. దీన్ని దానధర్మం అనుకోకండి. ఎంతమంది కార్డులు చేస్తే పీసీ అంత అమ్ముడవుతుంది, అదీ లెక్క. బయోస్ మీద కాపీరైట్ మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. దాన్ని కాపీ కొట్టకుండా, అదే పని చేసే సొంత బయోస్‌ను 1982లో కాంపాక్ రాసుకుంది. 1984లో ఫీనిక్స్ అలాంటి బయోస్‌ను ఇతర కంపెనీలకు అమ్మడం మొదలుపెట్టింది. దాంతో క్లోన్లకు తలుపులు తెరుచుకున్నాయి.

ఇక మన కథ. 1973 ఫెరా చట్టం విదేశీ వాటాను 40 శాతానికి తగ్గించుకోమంది. ఐబీఎం ఒప్పుకోక 1978లో దేశం వదిలి వెళ్లింది. అప్పటికే హైదరాబాద్ ఈసీఐఎల్ సొంత టీడీసీ కంప్యూటర్లు చేస్తోంది. హెచ్‌సీఎల్, విప్రో కూడా రంగంలోకి వచ్చాయి. 1984 నవంబర్ కంప్యూటర్ విధానం దిగుమతులను సడలించాక దేశీయ కంపెనీల పీసీ క్లోన్లు మార్కెట్లోకి వచ్చాయి. ఐబీఎం మన దేశంలో లేదు, దాని బస్ మాత్రం ఉంది!

మన నోట్సుల్లో 1978 ఉంటుంది, 1984 ఉంటుంది. మధ్యలో ఈ మాన్యువల్ ఊసే ఉండదు. విధానం గేటు తీసిన మాట నిజమే. కానీ బయటి నుంచి విడిభాగాలు తెచ్చి, ఎవరి అనుమతీ అడక్కుండా బిగించుకోవడానికి కావలసిన నమూనా అంతకుముందే అచ్చయి ఉంది. అలాగని దీన్ని స్వావలంబన అని రాసేయకండి. ప్రాసెసర్ ఇంటెల్ రూపొందించిందే, కీలకమైన చిప్‌లు దిగుమతివే.

1987లో ఐబీఎం మనసు మార్చుకుంది. పీఎస్/2తో మైక్రో చానెల్ అనే కొత్త బస్ తెచ్చి, వాడాలంటే లైసెన్సు, రాయల్టీ అంది. సాంకేతికంగా అది మెరుగైనదే. అయినా 1988లో కాంపాక్ ముందుండి తొమ్మిది కంపెనీలు కలిసి ఈఐఎస్ఏ అనే పోటీ బస్ ప్రకటించాయి. పాత బస్‌కు ఐఎస్ఏ అనే పేరు స్థిరపడింది అప్పుడే. (రిస్క్-ఫైవ్ దగ్గర కనిపించే ఐఎస్ఏ వేరు, అది ఇన్‌స్ట్రక్షన్ సెట్. నేనూ ఒకసారి తికమకపడ్డాను.) ఈఐఎస్ఏ కూడా సర్వర్లు దాటి పెద్దగా పోలేదు గానీ, మైక్రో చానెల్ మాత్రం నిలబడలేదు. 1992లో ఇంటెల్ పీసీఐ తెచ్చింది. దాని బాధ్యత పీసీఐ-సిగ్ అనే కంపెనీల బృందం చేతికి వెళ్లింది.

మన ప్రభుత్వం 2010లో ఇ-గవర్నెన్స్ కోసం ఓపెన్ స్టాండర్డ్స్ విధానం ప్రకటించినప్పుడు, పేటెంట్లకు రాయల్టీ ఉండకూడదన్న షరతు పెట్టింది. మైక్రో చానెల్ గొడవ తెలిస్తే ఆ షరతు ఎందుకో వెంటనే అర్థమవుతుంది. 2022లో మొదలైన డీఐఆర్-ఫైవ్ కార్యక్రమం, ఐఐటీ మద్రాస్ శక్తి, సీడాక్ వేగా ప్రాసెసర్లు ఎవరైనా ఉచితంగా వాడుకోగల రిస్క్-ఫైవ్ మీదే నడుస్తున్నాయి. కానీ ఆ ప్రాసెసర్ ఉన్న బోర్డుకు మామూలు గ్రాఫిక్స్ కార్డు తగిలించాలంటే పీసీఐ ఎక్స్‌ప్రెస్ కావాలి. దాని స్పెసిఫికేషన్ పీసీఐ-సిగ్‌కు రుసుము కట్టి సభ్యులైనవాళ్లకే ఉచితం. మిగతావాళ్లు డబ్బు పెట్టి కొనుక్కోవాలి.