తొలి తప్పు – పూచీకత్తు

ఒక నేరానికి శిక్ష ఎంత అన్న ప్రశ్నకు శిక్షాస్మృతిలో జవాబు దొరుకుతుంది. ఆ నేరమే చేసిన ఇద్దరిలో ఎవరికి క్షమ దొరికింది, ఎవరికి జైలు దొరికింది అన్న ప్రశ్నకు మాత్రం జవాబును చరిత్రలోనే వెతుక్కోవాలి. తాగిన మైకంలో తొలిసారి దొంగతనానికి పాల్పడిన యువకుని పట్ల మన చట్టం ఏ విధంగా వ్యవహరిస్తూ వచ్చిందో ఈ దృష్టితో పరిశీలించడం అవసరం.

ఉదాహరణకు ఒక పందొమ్మిదేళ్ళ కుర్రవాణ్ణి ఊహించుకుందాం. పొట్ట చేత పట్టుకొని పట్నం చేరిన కూలి. ఒక రాత్రి తాగి, చిల్లర కొట్టు తాళం విరగగొట్టి, గల్లాపెట్టెలోని నాలుగు రాళ్ళు తీసుకొని, వీధి మలుపు తిరగకముందే పట్టుబడ్డాడు. అంతకు ముందు అతని మీద ఏ కేసూ లేదు. ఇతనికి ఏది తగిన శిక్ష?

1860లో రూపొంది 1862లో అమలులోకి వచ్చిన భారత శిక్షాస్మృతి దీనికిచ్చిన సమాధానం కఠినమైనది. సామాన్యమైన దొంగతనానికి 3 సంవత్సరాల వరకు జైలు. సొత్తు భద్రపరిచే కట్టడంలో దొంగతనం జరిగితే 7 సంవత్సరాల వరకు. దొంగతనం కోసం రాత్రివేళ కన్నం వేసినా, తాళం పగలగొట్టినా 14 సంవత్సరాల వరకు. పోయింది రూపాయా, వెయ్యి రూపాయలా అన్న విచక్షణ ఈ పరిమితులలో లేదు. చట్టం కాపాడదలచుకున్నది కేవలం ఆ రూపాయిని కాదు, దానికి వేసిన తాళాన్ని. ఇక మైకం సంగతి. బలవంతానగాని, తెలియకుండాగాని తాగించబడిన వానికే 85వ సెక్షను రక్షణ ఇచ్చింది. తనంతట తాను తాగిన వానికి, తాగనివానికుండే తెలివే ఉన్నట్లు భావించాలని 86వ సెక్షను శాసించింది. ఇది చాలదన్నట్లు, 1864లో దొంగతనం వంటి నేరాలకు కొరడా దెబ్బలను ప్రత్యేక చట్టం ద్వారా ప్రవేశపెట్టారు. స్వాతంత్ర్యం వచ్చిన ఎనిమిదేళ్ళకు, 1955లో గాని ఆ కొరడా చట్టపుస్తకాలలోనుంచి తొలగిపోలేదు.

తొలి తప్పును వేరుగా చూడాలన్న భావం మనకు ఇంగ్లీషువారు నేర్పినది కాదు. మొదట మందలింపు, తరువాత నిందించడం, ఆ తరువాత జరిమానా, చివరికి శరీరదండన అని మనుస్మృతి ఒక మెట్ల వరుస చెప్పింది. యాజ్ఞవల్క్యస్మృతిలోనూ ఈ నాలుగు దండనలూ ఉన్నాయి. ఆ స్మృతి వ్యాఖ్యానమైన మితాక్షరను కేతన 13వ శతాబ్దిలోనే విజ్ఞానేశ్వరీయమనే పేర పద్యాలలో తెలుగు చేశాడు. అయితే ఈ గతాన్ని చూసి మురిసిపోనక్కరలేదు. మెట్ల వరుస చెప్పిన మనుస్మృతే ఎంత పాపం చేసినా బ్రాహ్మణునికి వధ కూడదన్నది. దయ అనేది తప్పును చూసి మాత్రమే కాక, తప్పు చేసినవాడి వెనుక ఏమున్నదో చూసి కూడా పుట్టింది. ఆధునిక చట్టం ఈ లక్షణాన్ని వదిలించుకున్నదా అన్నదే మన ప్రశ్న.

ఇంగ్లండులో 1887లో తొలి నేరస్థుల చట్టం వచ్చింది. దాని నీడన 1898 నాటి మన క్రిమినల్ ప్రొసీజరు కోడులో 562వ సెక్షను చేరింది. దొంగతనం, మోసం వంటి నేరాలు రుజువైనా, అంతకు మునుపు శిక్ష పడని వానిని, వయస్సూ నడతా పూర్వచరిత్రా చూసి, సత్ప్రవర్తనకు ముచ్చలికా రాయించుకొని విడిచిపెట్టవచ్చునన్నది ఆ సెక్షను. 1923లో దీని పరిధి పెరిగింది. ఇది ముందడుగే, కాదనలేము. కాని ఆ అధ్యాయంలోనే మరొక షరతు ఉంది. ముద్దాయికి గాని, అతని తరఫున పూచీపడేవానికి గాని స్థిరనివాసమో, నిలకడైన వృత్తో ఉన్నదని కోర్టుకు నమ్మకం కలగాలి. మొత్తం కథకు కీలకం ఈ వాక్యమే.

ఇప్పుడు మన పందొమ్మిదేళ్ళ కుర్రవాణ్ణి తిరిగి తలచుకుందాం. అతని స్థిరనివాసం ఏది? కట్టడం పని జరిగినన్ని నాళ్ళు ఆ కట్టడం పక్కన వేసుకున్న గుడిసె. అతని నిలకడైన వృత్తి ఏది? ఏ పూటకాపూట మేస్త్రీ పిలిస్తే దొరికే కూలి. తాగిన మత్తులో ఈ కొట్టు తాళమే పగలగొట్టిన వాడు ఊళ్ళోని ఆస్తిపరుని కుమారుడైతే, తండ్రి వస్తాడు, వకీలు వస్తాడు, మంచి కుటుంబమని చెప్పే పెద్దమనుషులు వస్తారు. చట్టం ఇద్దరికీ ఒకే వాక్యం చదువుతుంది, కాని ఆ వాక్యం ఒకరికి తలుపు, మరొకరికి గోడ.

తొలి తప్పు అనే మాటకే అర్థం లేకుండా చేసిన చట్టం కూడా ఆ కాలంలోనే ఉన్నది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం, 1911లో తిరిగి రచింపబడి మద్రాసు రాజధానికి వర్తించింది. ఎరుకలవంటి కులాలవారిని పుట్టుకతోనే నేరస్థులుగా నమోదు చేసి, హాజరు వేయించుకొని, స్టూవర్టుపురం వంటి సెటిల్మెంట్లలో ఉంచారు. కులమే పూర్వచరిత్ర అయినచోట తొలి నేరస్థుడు ఎలా ఉంటాడు? ఆ చట్టం 1952లో రద్దయింది. కాని పోలీసు స్టేషనులో కులం పేరు వినగానే కనుబొమలు ముడివడే అలవాటు రద్దయిందని ఎవరనగలరు?

ఇక తాగుడు సంగతి. 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చింది. కల్లు, సారా అమ్మే హక్కును ప్రభుత్వం వేలం వేసింది. ఆబ్కారీ రాజధాని ఖజానాకు ముఖ్య ఆదాయాలలో ఒకటయింది. కన్యాశుల్కంలోని సారా దుకాణంలో హవల్దారు కూడా కనబడడం గురజాడ కల్పించిన వింత కాదు. ఆ దుకాణం పరిపాలనలో ఒక భాగమే. 1937లో సేలం జిల్లాలోను, 1938లో చిత్తూరు, కడప జిల్లాలలోను మద్యనిషేధం అమలు చేశారు. 1954లో ప్రకాశంగారి ఆంధ్ర మంత్రివర్గం ఈ నిషేధ సమస్య మీదనే కూలిపోయింది. 1980 దశకంలో వారుణవాహిని పేర ప్రభుత్వమే సారాను పొట్లాలలో పల్లెలకు పంపింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మొదలుకొని కూలి స్త్రీలు తిరగబడిన ఫలితంగా 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధాన్ని సడలించారు. నేటికీ రెండు తెలుగు రాష్ట్రాలలోను మద్యం టోకు వ్యాపారం ప్రభుత్వ సంస్థల చేతిలోనే ఉంది.

ఈ చరిత్రను 86వ సెక్షను పక్కన పెట్టి చదవాలి. తాగినవాని బాధ్యతను చట్టం పూర్తిగా లెక్క కట్టింది. తాగించి ఆదాయం తీసుకున్నవారి బాధ్యతను లెక్కలోకే తీసుకోలేదు. తాగుడు నేరానికి సమర్థన అని ఇక్కడ ఎవరూ అనడం లేదు. చిల్లర కొట్టు యజమాని కూడా అనేకసార్లు పేదవాడే. అతని నష్టం అతనికి నిజమైన నష్టం. తాగుబోతు చేతిలో ముందుగా దెబ్బతినేది అతని ఇల్లాలేనని నెల్లూరు స్త్రీలు దేశానికంతా చెప్పారు. కాని ఆ స్త్రీలు తమ భర్తలను జైలుకు పంపమనలేదు. దుకాణం మూయమన్నారు. న్యాయాధిపతులకంటె వారికి నేరకారణం బాగా తెలుసును.

స్వాతంత్ర్యానంతరం 1958లో నేరస్థుల ప్రొబేషన్ చట్టం వచ్చింది. మద్రాసులో 1936లోనే ఇటువంటి చట్టం ఉన్నది. 1958 చట్టంలోని 6వ సెక్షను చాలా విలువైనది. యావజ్జీవ శిక్షకు తగని నేరం చేసిన 21 ఏళ్ళ లోపు వానిని జైలుకు పంపాలంటే, పంపక తప్పని కారణాన్ని కోర్టు రాతపూర్వకంగా చెప్పాలి. ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకోవాలి. మునుపు విడిచిపెట్టడానికి కారణం చెప్పవలసి వచ్చేది. ఇప్పుడు జైలుకు పంపడానికి కారణం చెప్పాలి. కొట్టు యజమానికి పరిహారం ఇప్పించే మార్గం 5వ సెక్షనులో ఉంది. 1964లో, ఇంట్లో జొరబడి నేరం చేసిన ఒక పదహారేళ్ళవాని కేసులో, శిక్ష పడిన తరువాతనే ఆ ప్రాంతంలో చట్టం అమలులోకి వచ్చినా, అప్పీలులో దాని మేలు అతనికి దక్కవచ్చునని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మెజారిటీ తీర్పు రాసినవారు మన కోకా సుబ్బారావుగారు.

అయినా 1898 నాటి స్థిరనివాసం షరతు 1958 చట్టం 4వ సెక్షనులోకి కూడా నడిచి వచ్చింది. 1978లో మధ్యప్రదేశ్‌లో ఒక తాపీ మేస్త్రీని జామీను మీద విడిచిపెట్టడానికి మేజిస్ట్రేటు పదివేల రూపాయల పూచీ అడిగి, పూచీపడేవాని ఆస్తి వేరే జిల్లాలో ఉన్నదని నిరాకరించాడు. జస్టిస్ కృష్ణయ్యర్ దానిని కొట్టివేస్తూ, దూరప్రాంతంలో దొంగతనం నేరం మీద పట్టుబడిన ఆంధ్రుడో తమిళుడో అక్కడ పూచీని ఎక్కడనుంచి తేగలడని ప్రశ్నించాడు. ఆ ప్రశ్న జామీను గురించి వేసినదే అయినా ప్రొబేషనుకు కూడా అక్షరాలా వర్తిస్తుంది.

2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలులో ఉన్నది. అయిదువేల రూపాయల లోపు సొత్తును తొలిసారి దొంగిలించినవాడు దాన్ని తిరిగి ఇచ్చివేస్తే, జైలుకు బదులు సమాజసేవ శిక్షగా విధించాలన్నది ఆ సంహిత. మంచిదే. కాని ఈ దయ సామాన్య దొంగతనానికే. రాత్రివేళ తాళం పగలగొట్టిన వానికి 14 సంవత్సరాల పరిమితి అలాగే ఉన్నది. పదహారు దశాబ్దాల తరువాత కూడా దయ తాళం దగ్గరనే ఆగిపోయింది. పైగా, 2022 లెక్కల ప్రకారం దేశంలోని ఖైదీలలో సుమారు నాలుగింట మూడు వంతులమంది విచారణలో ఉన్నవారే. తీర్పు వచ్చి ప్రొబేషన్ మాట ఎత్తేనాటికే పూచీలేనివాడు జైలు చూసి ఉంటాడు.

కనుక మనం అడగవలసినది కనికరం కాదు. ప్రొబేషన్ అధికారి నివేదిక లేనిదే 21 ఏళ్ళ లోపు యువకుణ్ణి జైలుకు పంపరాదన్న నియమం ప్రతి మేజిస్ట్రేటు కోర్టులోనూ అమలు జరగాలి. స్థిరనివాసం షరతు పోవాలి. వలసకూలీకి అతని తోటికూలీల మాట, అతని కార్మికసంఘం మాట పూచీగా చెల్లాలి. మద్యం మీద వచ్చే ఆదాయంలోనుంచే తాగుడు మాన్పించే వైద్యానికి, దొంగతనానికి గురైన చిన్న వ్యాపారి పరిహారానికి డబ్బు రావాలి. తొలి తప్పు క్షమించడానికి ఆస్తి ఉండాలన్నంత కాలం ఆ క్షమ న్యాయం కాదు, ఆస్తిపరుని హక్కులలో ఒకటి మాత్రమే.