వలస మానసిక మూల్యాంకనం (అమెరికా)

అమెరికాలో చట్టబద్ధ నివాసం కోరే వ్యక్తి మానసిక స్థితిని పరీక్షించి, సైకాలజిస్టో సైకియాట్రిస్టో లైసెన్సు ఉన్న మరో నిపుణుడో రాసిచ్చే నివేదిక. ఇది చికిత్స కాదు, సాక్ష్యం. చట్టం దీన్ని సాధారణంగా తప్పనిసరి చేయలేదు. అయినా చేతిలో ఏ కాగితమూ లేకుండా పారిపోయి వచ్చినవారికి ఒక్కోసారి ఇదే ప్రధాన ఆధారం.

హింసకు గురైనవారు తరచూ తేదీల్లో తడబడతారు, సంఘటనలు వరుస తప్పి చెబుతారు. వలస అధికారికి అది అబద్ధంలా తోచవచ్చు. మానసిక గాయం జ్ఞాపకాన్ని ఎలా చెదరగొడుతుందో వివరించడం నివేదికలోకెల్లా విలువైన భాగం. దేశంలో అడుగుపెట్టిన ఏడాది గడువులోగా శరణు ఎందుకు కోరలేకపోయారో కూడా నివేదిక చూపగలదు. చిత్రహింసల నమోదుకు 1999లో రూపొంది, 2022లో సవరణ పొందిన ఇస్తాంబుల్ ప్రోటోకాల్ ఇలాంటి నివేదికలకు మార్గదర్శి. ‘ఇది జరిగింది’ అని నిపుణుడు తీర్పు చెప్పడు. కనిపించే లక్షణాలు, విన్న కథనం ఎంతవరకు పొసగుతున్నాయో చెబుతాడు. ఈ పరీక్షలో దుబాసీగా బంధువును కూర్చోబెడితే సగం నిజం గొంతులోనే ఆగిపోతుంది.

గృహహింస బాధితులకు 1994 నాటి మహిళలపై హింస నిరోధక చట్టం కింద, నేర బాధితులకు 2000లో వచ్చిన యు-వీసా కింద కూడా ఇలాంటి నివేదికలు సమర్పిస్తారు. 1994 చట్టంలోని స్వయం దరఖాస్తు వెసులుబాటు అమెరికా పౌరుల, గ్రీన్‌కార్డుదారుల కుటుంబీకులకే. హెచ్-4 ఆశ్రిత వీసాపై వెళ్లిన తెలుగు భార్యలకు, భర్త ఇంకా హెచ్-1బీ ఉద్యోగ వీసాలోనే ఉంటే, అది అందదు.

పౌరసత్వ పరీక్ష మినహాయింపుకు వాడే ఎన్-648 పత్రం వేరు. దానికి ముసలితనం ఒక్కటే చాలదు. మతిమరుపు వ్యాధి వంటి వైకల్యాన్ని వైద్యుడు లేదా క్లినికల్ సైకాలజిస్టు ధ్రువీకరించాలి.