ఇంటి కాగితాలు - ఇల్లాలి సంతకం



నెలకు సరుకులు ఎన్నెన్ని కావాలో మనం కాగితం లేకుండా చెప్పగలం. పిల్లల పరీక్షల తేదీలన్నీ మనకు కంఠతా వచ్చు. మరి మనం వుంటున్న ఇంటి దస్తావేజు నెంబరెంత, అది ఎవరి పేర వుంది అని అడిగితే? "అవన్నీ ఆయన చూసుకుంటారండీ" అనేస్తాం. బీరువాలో పట్టుచీరల కింద ఆ కట్టను ఏళ్ల తరబడి కాపాడేదీ మనమే, ఒక్కసారీ విప్పి చదవనిదీ మనమే. ఆ కట్ట వెనుక పెద్ద చరిత్రే వుంది. ఈవేళ దాన్ని కాస్త చెప్పుకుందాం.

భూమి చేతులు మారినప్పుడు హద్దులు వ్రాసి పెట్టుకోవడం మనకు కొత్త కాదు. తూర్పు చాళుక్యుల నాటి రాగిరేకుల మీద దానమిచ్చిన భూమికి తూర్పున ఏముంది, పడమర ఏముంది అని వివరంగా చెక్కించేవారు. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారంలో చెరువు త్రవ్వించి శాసనం వేయించింది. ఈనాటి దస్తావేజు చివర కనిపించే నాలుగు హద్దుల పట్టీ ఆ రాగిరేకుల వారసురాలే.

అయితే రాగిరేకు రాజులకు, ఆలయాలకు. మామూలు మనుషుల క్రయవిక్రయాలను సర్కారు పుస్తకంలో ఎక్కించే పద్ధతికి బ్రిటిషు ఇండియాలో 1864 నాటి చట్టంతో గట్టి పునాది పడింది. 1882లో ఆస్తి బదిలీ చట్టం వచ్చి, వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తిని అమ్మితే ఆ పత్రం రిజిష్టరు కావలసిందే అన్నది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం దాన్నంతా క్రమంలో పెట్టింది. ఉద్దేశ్యం ఒక్కటే. ఒకే స్థలాన్ని ఇద్దరికి అమ్మే మోసానికి అడ్డుకట్ట వేయాలి, కొనేవాడు వెళ్లి చూసుకోవడానికి ఒక పుస్తకం వుండాలి.

ఆ పుస్తకంలో మన స్త్రీల చోటు ఎక్కడ? రిజిష్ట్రీ ఆఫీసుకు రాలేని ఘోషా స్త్రీల ఇంటికే అధికారి వెళ్లే ఏర్పాటు చట్టంలో వుంది. అటువంటి స్త్రీ చేత సంతకం పెట్టించుకున్నవాడు, ఆమెకు అందులోని సంగతి చదివి చెప్పామనీ, ఆమె అర్థం చేసుకునే పెట్టిందనీ తానే రుజువు చేసుకోవాలని కోర్టులు చెబుతూ వచ్చాయి. ఎందుకో వేరే చెప్పాలా? తెర వెనుక నుంచి చేయి చాపితే చాలు, వ్రేలిముద్ర వేయించుకుపోయేవాళ్లు అంతమంది వుండేవారన్నమాట!

హిందూ కుటుంబాల్లో భర్త పోయిన స్త్రీకి ఆస్తి వచ్చినా అది బ్రతికివున్నంత కాలం అనుభవించడానికే. తప్పనిసరి అవసరం వుంటే తప్ప అమ్మే వీలు లేదు. 1937 చట్టం వాటా ఇచ్చింది గాని ఆ పరిమితి తీయలేదు. 1956 హిందూ వారసత్వ చట్టంతో ఆ సంకెల తెగింది. స్త్రీ తన ఆస్తికి సంపూర్ణ హక్కుదారు అయింది.

చట్టం వచ్చినంత మాత్రాన సరిపోయిందా? నెల్లూరు కోర్టులో మొదలైన తులసమ్మ కేసు చూడండి. భర్త పోయిన ఆవిడ మనోవర్తి కోసం దావా వేసింది. 1949లో రాజీ కుదిరి కొంత ఆస్తి ఇచ్చారు, కాని జీవితాంతం అనుభవించడానికే అని వ్రాశారు. 1961లో ఆమె అందులో కొంత అమ్మితే, అమ్మే హక్కు లేదని భర్త సోదరుడు కోర్టుకెక్కాడు. కేసు ఒక కోర్టులో అటు, ఇంకో కోర్టులో ఇటు తిరిగి, చివరకు 1977 మార్చిలో సుప్రీంకోర్టు ఆమెదే న్యాయమన్నది. మనోవర్తి హక్కు కింద వచ్చిన ఆస్తి ఆమె సొంతమే అని తీర్పు చెప్పింది. కాగితం మీద వ్రాసిన ఒక్క షరతు కోసం పదహారేళ్లు!

తరువాత ఆంధ్రప్రదేశ్ చట్టం 1985 సెప్టెంబరు నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. 2005లో దేశమంతటికీ, పెళ్లైన కూతుళ్లకు కూడా ఆ హక్కు వచ్చింది. 2005 నాటికి తండ్రి బ్రతికి వుండకపోయినా కూతురి హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక మన పని మనమే చేసుకోవడం ఎలాగో చూద్దాం. దస్తావేజు లేఖరి చేతే వ్రాయించాలన్న నియమం ఏమీ లేదు. మొదట అమ్మేవారి మూల పత్రాలు, అంతకు ముందటి లింకు డాక్యుమెంట్లు అడిగి తెచ్చుకుని వరసగా చదవండి. మధ్యలో ఒక్క మెట్టు లేకపోయినా ఆగండి. తరువాత ఈసీ తీయండి. తెలుగు రాష్ట్రాలలో 1983 నుంచి వివరాలు కంప్యూటరులోనే దొరుకుతాయి, అంతకు ముందువి ఆఫీసులో అడగాలి. ఈసీలో రిజిష్టరైన పత్రాలే కనపడతాయి సుమా! రిజిష్టరు చేయించని తాకట్టు, నోటిమాట పంపకం అందులో వుండవు. నిషేధిత భూముల జాబితా కూడా చూసుకోవాలి.

దస్తావేజులో పేర్లు, కొలతలు, నాలుగు హద్దులు లింకు పత్రంతో అక్షరం అక్షరం పోల్చుకోండి. సంతకాలైన నాలుగు నెలల్లోగా రిజిష్ట్రీకి తీసుకువెళ్లాలి. ఒక్క మాట గుర్తుంచుకోండి. అమ్మినవాడికి నిజంగా హక్కుందో లేదో సబ్ రిజిష్ట్రారు తీర్పు చెప్పడు. అది చూసుకోవలసింది మనమే. "పవరాఫ్ అటార్నీ ఇచ్చేస్తాం, ఖర్చు కలిసొస్తుంది" అంటే వినకండి. అటువంటి కాగితంతో ఆస్తి మన సొంతం కాదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆపైన మునిసిపాలిటీలో పేరు మార్పించుకోవడం మరువకండి. అది పన్ను కట్టడానికే, హక్కు మాత్రం దస్తావేజుదే.

చివరగా ఒక మాట. మా పిన్ని పుట్టింటికి వెళ్లినప్పుడు, భోజనాలయ్యాక అన్నగారు ఒక కాగితం ముందు పెట్టి "ఇక్కడ సంతకం చేయమ్మా, ఊరికే ఫార్మాలిటీ" అన్నారు. చదవమని కూడా అనలేదు, ఆవిడ అడగనూ లేదు. అది హక్కు విడుదల పత్రం. కళ్లజోడు వెదుక్కుని చదువుకుంటే పది నిమిషాల పని. ఆమెకు పదేళ్ల తరువాత తెలిసింది. అన్నకు ఇవ్వాలనుకుంటే సంతోషంగా ఇవ్వవచ్చు, తప్పు లేదు. కాని ఇస్తున్నానని తెలిసి ఇవ్వాలి.

ఈ మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఆ బీరువా తెరవండి. ఆ కట్ట విప్పి, మొదటి పేజీ నుంచి చివరి హద్దు దాకా చదవండి. మీ అమ్మాయిని కూడా పక్కన కూర్చోపెట్టుకోండి.